మీ ఆఫీసులో ఏ సమాచారం ఎవరి దగ్గరుంది? ఆడిట్ ఇలా చేయండి

సమాచార ఆడిట్ అంటే ఆఫీసులో ఏ సమాచారం ఎక్కడుందో, ఎవరు వాడుతున్నారో లెక్క తీయడం. ఆ మాట అనగానే కంప్యూటర్లు ఎన్ని, సర్వర్ ఎక్కడ అని లెక్కపెట్టేస్తారు చాలామంది. దాన్ని పక్కన పెట్టి, రోజూ జరిగే ఒక్క పని పట్టుకోండి.

విశాఖ పోర్టు సరుకుకి కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు అనుకుందాం. ఒక దిగుమతి కన్‌సైన్‌మెంట్ తీసుకుని, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం), ఇన్వాయిస్ చేతికొచ్చిన దగ్గర్నుంచి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) వేసి, డ్యూటీ కట్టి, కంటైనర్ గేటు దాటేదాకా ఆ కాగితాల వెంటే తిరగండి. మేనేజర్ని అడిగితే అన్నీ సిస్టమ్‌లో ఉన్నాయండీ అంటారు. డాక్యుమెంటేషన్ చూసే ఆవిడ పక్కన ఓ పూట కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది: ఇన్వాయిస్ వాట్సాప్‌లో వచ్చింది, ఆవిడ తన సొంత ఫోన్ నుంచి ఆఫీసు మెయిల్‌కి పంపుకుంది, ప్రింట్ తీసి ఫైల్లో పెట్టింది, అకౌంట్స్ వాళ్లు అవే అంకెలు మళ్లీ ఎక్సెల్లో కొట్టారు. రేపు తేడా వస్తే వీటిలో దేన్ని నమ్మాలి? ఆ ప్రశ్న అందర్నీ విడివిడిగా అడగండి, జవాబులు కలవవు.

ప్రతి కాగితాన్నీ ఎవరిస్తారు, ఎవరిది బాధ్యత, ఎవరు వాడతారు, ఎక్కడుంటుంది, ఎన్నాళ్లుంచాలి అని ఒక షీటులో రాసుకోండి. సాఫ్ట్‌వేర్ అమ్మడానికొచ్చే వాళ్లని ఇప్పుడే లోపలికి రానివ్వకండి.

ఉన్నదాని గురించే అడిగి ఆగిపోవద్దు, కావలసి కూడా అందనిది ఏంటో అడగండి. షిప్పింగ్ లైన్ ఇచ్చిన ఫ్రీ డేస్ (అదనపు ఛార్జీ లేకుండా కంటైనర్ ఉంచుకునే రోజులు) ఎప్పుడు అయిపోతాయో ట్రాన్స్‌పోర్ట్ చూసే కుర్రాడికి ఎవరూ చెప్పకపోతే కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు డిటెన్షన్ బిల్లు వచ్చి పడుతుంది. ఆ తేదీ మాత్రం ఎవరి ఇన్‌బాక్స్‌లోనో భద్రంగా ఉంటుంది! అలాగే ప్రతి వారం తయారుచేసే రిపోర్టుల్లో ఎవరూ తెరవనివి ఏవో కనుక్కోండి, కొన్ని ఉంటాయి.

ఎన్నాళ్లుంచాలన్నది చట్టం చెబుతుంది. జీఎస్టీ లెక్కలు, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. కంపెనీ అయితే ఖాతా పుస్తకాలు 8 ఏళ్లు. డ్రైవర్ల ఆధార్, లైసెన్సు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే ఎర్ర గీత పెట్టండి. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

ఇంకోటి, 2014 అక్టోబర్ హుద్‌హుద్ తుఫాను లాంటిది మళ్లీ వస్తే ఏ ఫైలు తిరిగి తయారుచేసుకోలేం? వైజాగ్‌లో ఈ ప్రశ్నకి ఎవరూ నవ్వరు.

రిపోర్టులో మార్చాల్సినవి మూడో నాలుగో చాలు, పక్కన పేరూ తేదీ ఉండాలి. ఓనరుకి ఇచ్చేముందు డాక్యుమెంటేషన్ ఆవిడకి చూపించండి, తప్పులుంటే ఆవిడే పట్టేస్తుంది.