ఐదక్షరాల ఇంగ్లిష్ మాటలు ‘ఏ’తో ఎలా నేర్పాలి?

మా మేనకోడలు ఆరో తరగతి. వాళ్లుండేది కూర్మన్నపాలెంలో. నాన్న గురించి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయమంటే, స్టీల్ ప్లాంటులో పనిచేస్తారని రాస్తూ స్టీల్‌ని ఎస్-టీ-ఈ-ఏ-ఎల్ అని రాసింది. ఉక్కు కాస్తా దొంగతనం అయిపోయింది. ‘‘పలికితే రెండూ ఒకటే కదా అత్తా!’’ అంది. దాని మాటా నిజమే. ఉక్కు అయితే మధ్యలో రెండు ఈలు పక్కపక్కనే రావాలి. రెండో ఈ స్థానంలో ఏ పడితే దొంగిలించడం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని పోరాడి తెచ్చుకున్న ఫ్యాక్టరీ పేరు పిల్లలు తప్పు రాస్తే నాకు మనసు ఒప్పలేదు.

తెలుగులో పలికినట్టే రాస్తాం. బీచ్ అంటే మన లెక్కకు రెండే అక్షరాలు, ఇంగ్లిష్‌లో ఐదు. అందుకే చెవిని నమ్ముకున్న పిల్లలు స్పెల్లింగు దగ్గర తడబడతారు. నేను రెండు హద్దులు పెట్టాను: మాటలో సరిగ్గా ఐదక్షరాలే ఉండాలి, అందులో ఏ తప్పకుండా ఉండాలి. ఈ దడి కట్టాక పిల్ల ప్రతి మాటనీ అక్షరం అక్షరం లెక్కపెట్టి చూడటం మొదలుపెట్టింది. నాకు కావలసింది ఆ చూపే.

ముందు లెక్కల కోసం కొనే గళ్ల నోటుబుక్కు ఒకటి తీసుకోండి. ఒక్కో మాటకు వరసగా ఐదు గళ్లు. ఏ మొదటి గడిలో వచ్చే మాటలకు ఒక పేజీ, రెండో గడిలో వచ్చేవాటికి ఇంకోటి, అలా ఐదు పేజీలు. ఏ ఉన్న గడికి రంగు వేయించండి.

తర్వాత మాటలు ఏరాలి. డిక్షనరీ తెరవకండి, ఊళ్లోకి వెళ్లండి. ఆర్‌కే బీచ్‌లో నిలబడితేనే మూడు దొరుకుతాయి: బీచ్ (బీ-ఈ-ఏ-సీ-హెచ్), కోస్ట్ (సీ-ఓ-ఏ-ఎస్-టీ), ఓషన్ (ఓ-సీ-ఈ-ఏ-ఎన్). పోర్టు వైపు చూస్తే కార్గో (సీ-ఏ-ఆర్-జీ-ఓ), క్రేన్ (సీ-ఆర్-ఏ-ఎన్-ఈ), ఓడలు ఆగే వార్ఫ్ (డబ్ల్యూ-హెచ్-ఏ-ఆర్-ఎఫ్). క్రేన్ దగ్గర ఒక నిమిషం ఆగండి. ఇంగ్లిష్‌లో కొంగ లాంటి పొడవు మెడ పక్షికీ అదే పేరు. సరుకెత్తే యంత్రం మెడ చాచి నిలబడ్డ తీరు చూపించి చెబితే పిల్లలు ఆ మాట మరిచిపోరు. ఇంటికొచ్చాక ట్రెయిన్, బ్రెడ్, షుగర్, అలారం, ఎక్స్‌ట్రా. అలారంలో ఏ రెండుసార్లు వస్తుంది, ఒకటో గడిలోనూ మూడో గడిలోనూ. రెండు పేజీల్లోనూ రాయించండి. మా పుస్తకంలో మూడో గడి పేజీ అన్నిటికంటే ముందు నిండింది, చివరి గడి పేజీలో ఇంకా ఎక్స్‌ట్రా ఒక్కటే ఉంది. నాలుగక్షరాల మాట చివర ఎస్ తగిలించి ఐదు చేస్తామంటే ఒప్పుకోకండి. అలా చేస్తే కొత్త మాట రాదు.

ఇప్పుడు అసలు పని. పుస్తకం వెనక నుంచి ‘కవలలు’ అని ఇంకో పేజీ పెట్టండి. ఒకేలా పలికి వేరేగా రాసే జంటలు ఇక్కడ చేరాలి. స్టీల్ జంట ఎలాగూ ఉంది. బస్సుకు వేసే బ్రేక్ బీ-ఆర్-ఏ-కే-ఈ, విరగ్గొట్టే బ్రేక్ బీ-ఆర్-ఈ-ఏ-కే. రెండింటిలోనూ అవే ఐదక్షరాలు, చోటు మాత్రమే మారింది! దీన్ని కనిపెట్టిన రోజు మా పిల్ల ఇల్లంతా తిరిగి అందరికీ చెప్పింది. ఆకాశంలో వెళ్లే ప్లేన్ పీ-ఎల్-ఏ-ఎన్-ఈ, సాదా అనే ప్లెయిన్ పీ-ఎల్-ఏ-ఐ-ఎన్. బోర్డు బీ-ఓ-ఏ-ఆర్-డీ, విసుగెత్తడం బీ-ఓ-ఆర్-ఈ-డీ. నేవల్‌ని మాత్రం విశాఖ పిల్లలు తప్పు రాయకూడదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం మన ఊళ్లోనే ఉంది. నౌకాదళానికి సంబంధించినదైతే ఎన్-ఏ-వీ-ఏ-ఎల్. నాలుగో గడిలో ఏ బదులు ఈ పడితే బొడ్డు అని అర్థం. బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్లినప్పుడు ఈ మాట అక్కడే రాయించండి.

ఇంకో చిక్కు ఈ-ఏ జంట. బీచ్‌లో ‘ఈ’ అని పలుకుతుంది, బ్రెడ్‌లో ‘ఎ’, విరగ్గొట్టే బ్రేక్‌లో ‘ఏ’, హార్ట్‌లో ‘ఆ’. నాలుగూ ఐదక్షరాల మాటలే. దీనికి సూత్రం వెతకడం మానేయండి. నాలుగింటినీ వరసగా పైకి చదివిస్తే నాలుక్కి అలవాటైపోతుంది.

రోజుకు నాలుగు మాటలు చాలు. కాస్త పెద్ద పిల్లలైతే వర్డిల్ ఆడించవచ్చు. జోష్ వార్డిల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఆట అది. ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. అక్షరం సరైన గడిలో ఉంటే ఆకుపచ్చ, మాటలో ఉండి గడి తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. క్రేన్‌తో మొదలుపెట్టించండి, మాటల్లో తరచుగా వచ్చే అక్షరాలు ఉన్నదీ లేనిదీ ముందే తేలిపోతుంది.

ఆదివారం పరీక్ష. ఏ ఉన్న గడి ఒక్కటీ తెరిచి ఉంచి మిగతా నాలుగూ కాగితంతో మూసి, అర్థం తెలుగులో చెప్పండి. పిల్ల మాట పలికి, నాలుగక్షరాలూ వరసగా చెప్పాలి. తప్పిన మాటను ఎర్ర సిరాతో కొట్టేయకండి. పక్కన చిన్న చుక్క పెట్టి, వచ్చే ఆదివారం ముందుగా దాన్నే అడగండి.