వేసవి ప్రింటింగుకు ముందు: తాగే సీసాలో రసాయనం పోయకండి

ఈ ఏప్రిల్ మొదటి వారంలో, తిరుపతిలో మా పక్కవీధిలోని ఒక ఇంట్లో పదేళ్ళ పిల్లవాడు ఎండలో ఆడుకుని వచ్చి, ఫ్రిజ్ తలుపు అరలోంచి ఒక కూల్‌డ్రింక్ సీసా తీసి, మూత తిప్పి, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. అందులో ఉన్నది వాళ్ళ అన్న గమ్ ప్రింట్ల కోసం, అంటే తుమ్మబంకతో ఫొటోను ఎండలో కాగితం మీదికి తెచ్చే పాత పద్ధతి కోసం, కలిపి పెట్టుకున్న పొటాషియం డైక్రోమేట్ ద్రావణం. నాలుకకు చేదు తగలగానే వాడు ఉమ్మేశాడు. తల్లి ఆ నారింజరంగు మరకను చూసి వెంటనే నోరు పుక్కిలింపజేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళింది కాబట్టి ప్రాణం దక్కింది. మరునాడు ఆ సీసాను నేను చూశాను. అన్న దాని మీద ఏమీ రాయకపోలేదు, నల్ల మార్కరుతో 'గమ్' అని మూత మీద రాశాడు. మూత తీసి చేత్తో పట్టుకున్న పిల్లవాడికి సీసా మీద కనిపించింది కూల్‌డ్రింక్ పేరు ఒక్కటే.

సెలవులు రాబోతున్నాయి. మన చిత్తూరు, తిరుపతి ఎండలో సయనోటైప్, అంటే ఎండకాంతితో తీసే నీలం ఫొటో ప్రింటు, పది నిమిషాల్లోపే తయారవుతుంది కాబట్టి, ఈ రెండు నెలల్లో ఎందరో కొత్తవాళ్ళు మిద్దెల మీద ప్రింట్లు వేయడం మొదలుపెడతారు. చేతికి గ్లవ్స్ తొడుక్కోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, కిటికీలు తెరవాలి అన్నవి ఎవరైనా చెబుతారు, నేను చెప్పను. ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఈ పాత పద్ధతుల్లో ప్రింట్లు వేస్తూ, నేర్పుతూ వస్తున్న నేను మళ్ళీ మళ్ళీ చూసిన తప్పు ఒక్కటే: రసాయనాన్ని తినే పాత్రలోకో, తాగే సీసాలోకో తేవడం. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ఈ అలవాటు సయనోటైప్‌తో మొదలవుతుంది. 1842లో సర్ జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతిలో వాడేవి ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్. తరువాతి కాలంలో ఇళ్ళ ప్లాన్లకు బ్లూప్రింట్లు తీసింది ఈ చర్యతోనే. పేరులో సయనైడ్ ఉన్నా అది ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది కాబట్టి, మామూలు వాడకంలో ఈ రెండూ పెద్దగా ప్రమాదం చేయవు. ప్రింటును కడగడానికి కూడా నీళ్ళు చాలు. అందువల్ల కొత్తవాళ్ళకు ధైర్యం వస్తుంది. గాజు గ్లాసులో కలుపుతారు, టీస్పూనుతో తిప్పుతారు, సిట్రేట్ ద్రావణానికి బూజు పడుతుందని ఎవరో చెబితే నీళ్ళ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతారు. ఏ హానీ జరగదు. ఏడాది తరువాత అదే మనిషి, అదే గ్లాసు, అదే స్పూను, అదే ఫ్రిజ్ అరతో గమ్ ప్రింటింగుకు, సిల్వర్ నైట్రేట్‌తో గోధుమరంగు ప్రింట్లు తీసే వాన్ డైక్ బ్రౌన్‌కు వెళ్తాడు. రసాయనం మారుతుంది, అలవాటు మారదు. సయనోటైప్ నేర్చుకునే మొదటి రోజునే వంటింటి వస్తువులు ముట్టకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

డైక్రోమేట్ సంగతి లెక్కతో చెబుతాను. గమ్ ప్రింటింగుకు చాలామంది కలిపే పొటాషియం డైక్రోమేట్ ద్రావణం పది నుంచి పదమూడు శాతం ఉంటుంది. ఒక గుక్క అంటే సుమారు 30 మిల్లీలీటర్లు, అందులో మూడు నాలుగు గ్రాముల డైక్రోమేట్ ఉంటుంది. పెద్దవాళ్ళ ప్రాణం తీయడానికి అంతకంటే తక్కువైనా చాలు. మింగినది కడుపును కాల్చి ఊరుకోదు, మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందులో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయిన రూపం. ఇంకొక మాట: మన వంటింట్లో పసుపు మరక కనిపిస్తే ఎవరూ అనుమానపడరు. గట్టు మీద ఎండిన డైక్రోమేట్ బొట్టు అచ్చం పసుపు మరకలాగే ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి, అదే గుడ్డతో కంచాలు తుడుస్తారు.

రంగు ఉన్నదాన్ని కనీసం చూడగలం. సిల్వర్ నైట్రేట్ ద్రావణం మంచినీళ్ళలా ఉంటుంది. సయనోటైప్ నీలాన్ని త్వరగా చిక్కబరచడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. కొన్నేళ్ళ కిందట సాల్ట్ ప్రింట్ల (ఉప్పునీళ్ళు పట్టించిన కాగితం మీద తీసే ప్రింట్ల) కోసం సిల్వర్ నైట్రేట్‌ను నేను తాగే గాజు గ్లాసులో కలిపి, కాగితం తేవడానికి లోపలి గదిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా అమ్మ ఎడమ చేతిలో మాత్ర ఉంది, కుడి చేతిలో ఆ గ్లాసు ఉంది. నేను అరిచిన అరుపుకు గ్లాసు ఒలికి చేతి మీద పడింది. వెంటనే కడిగినా సాయంత్రానికి మూడు వేళ్ళు నల్లబడ్డాయి, ఆ నలుపు పోవడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఆ వేళ్ళతో ఆమె అన్నం కలుపుకుంటుంటే చూడలేక నేను తల దించుకునేవాడిని. ఆ ద్రావణం కంట్లో పడి ఉంటే చూపే పోయే ప్రమాదం ఉండేది. తాగే గ్లాసులో కలపకండి. ఒక్క నిమిషానికైనా కలపకండి.

సయనోటైప్‌ను టీలోనో, కరక్కాయ కషాయంలోనో ముంచి నలుపు తెప్పించే పద్ధతిని మన ప్రాంతంలో బాగా ఇష్టపడతారు. కాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి (ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన ద్రవం) పడగానే నలుపెక్కేది ఇలాంటి చర్యవల్లే, ఇనుమూ వగరూ కలవడం వల్ల. పని అందమైనదే. కానీ దానికి టీ గిన్నెను తీసుకుంటారు, తోమి మళ్ళీ పొయ్యి మీద పెడతారు. రసాయనం తాకిన గిన్నె, గరిటె, గరాటు, జల్లెడ ఇక వంటింటికి తిరిగి పోకూడదు. ప్లాస్టిక్ అయితే గీతల్లో నిలిచిపోయినదాన్ని ఎంత తోమినా మీరు తీయలేరు.

ఏప్రిల్ మిద్దె గురించి కూడా చెప్పాలి. పాత చీర మీద వడియాలు, పక్కన ఊరమిరపకాయలు, ఆ పక్కనే దండెం మీద క్లిప్పు పెట్టి వేలాడదీసిన తడి ప్రింట్లు: ఈ దృశ్యం నేను రెండు ఇళ్ళలో చూశాను. గాలి వీస్తే ప్రింటు నుంచి కారే చుక్క ఎక్కడ పడుతుందో మీకు తెలియదు. వడియాలు ఎండుతున్నన్ని రోజులూ మిద్దె మీద ప్రింట్లు ఆరబెట్టకండి, మూత లేని నీళ్ళ ట్యాంకు దగ్గర ట్రేలు కడగకండి. అలిపిరి వైపు కొండకు ఆనుకుని ఉన్న ఇళ్ళవాళ్ళు కోతులను కూడా దృష్టిలో పెట్టుకోవాలి, అవి సీసా ఎత్తుకుపోతే అది ఎవరి ఇంట్లో పడుతుందో చెప్పలేం.

నెగెటివ్‌ల విషయంలో ప్రాణభయం తక్కువ, నష్టభయమే ఎక్కువ. ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద ఇంక్‌జెట్‌తో తీసి, ప్రింటు కాగితం మీద పరిచే నెగెటివ్ పూర్తిగా ఆరాలి, రసాయనం పూత పూసిన కాగితమూ పూర్తిగా ఆరాలి. తడి మిగిలితే రెండూ అతుక్కుని నెగెటివ్ పాడవడమే కాక, సిల్వర్ నైట్రేట్ అంటిన ఆ షీటును మీరు వట్టి చేతులతో ఊడదీస్తారు. మధ్యలో పలుచని పారదర్శకమైన షీటు వేయండి.

పొడి విషయంలో మాత్రం మన ఇళ్ళకే ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది: సీలింగ్ ఫ్యాను. మే నెలలో ఫ్యాను ఆపి తూకం వేయడం కష్టమే. అయినా ఆపాలి, ఎందుకంటే గాలికి లేచిన డైక్రోమేట్ ధూళి ముక్కు పొరలకు పుండ్లు చేస్తుంది, మిగిలినది మంచం మీదా, మంచినీళ్ళ కుండ మీదా వాలుతుంది. తుమ్మబంకను మిక్సీలో పొడి చేసేవాళ్ళు, గడ్డకట్టిన డైక్రోమేట్‌ను కూడా అందులోనే వేశారని విన్నాను. అదే మిక్సీలో మరునాడు చట్నీ చేస్తారు. బంకను రాత్రంతా నీళ్ళలో నానబెడితే అదే కరుగుతుంది, మిక్సీ అవసరమే లేదు.

ఇక మిగిలిన జాగ్రత్తలు వరుసగా రాస్తున్నాను.

ఫెర్రిసయనైడ్ కడిగిన నీళ్ళను బాత్‌రూములో పోసి, ఆ మరక పోవడానికి యాసిడ్ పోయకండి. గాఢమైన యాసిడ్, అందులోనూ వేడిగా ఉంటే, దాని నుంచి సయనైడ్ వాయువును విడిపిస్తుంది.

ఫెర్రిసయనైడ్ ఎర్రటి స్ఫటికాలు పటికబెల్లం ముక్కల్లా మెరుస్తాయి. పిల్లలకు అందనివ్వకండి.

అమ్మోనియం డైక్రోమేట్‌ను పొయ్యి దగ్గర, ఎండ పడే కిటికీ దగ్గర, కాగితాల పక్కన ఉంచకండి. వేడెక్కితే తనంతట తానే రగులుతుంది.

మబ్బు రోజుల్లో ఎండకు బదులుగా దీపం కొంటే, 2020 తరువాత క్రిములను చంపడానికని విరివిగా అమ్మిన యూవీ ట్యూబులు కొనకండి. వాటి 254 నానోమీటర్ల కాంతి ఫ్రేము గాజును దాటి కాగితాన్ని చేరదు, మీ కళ్ళను మాత్రం కాలుస్తుంది.

మిగిలిన డైక్రోమేట్‌ను పెరట్లో, కాలువలో, బోరు పక్కన పోయకండి. పక్కనే తమిళనాడులో పాలారు ఒడ్డున తోళ్ళ పరిశ్రమల క్రోమియం భూగర్భజలాల్లో కలిసి ఊళ్ళ బావులు పాడైన సంగతి చిత్తూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. విటమిన్ సి పొడి కలిపితే నారింజ రంగు ఆకుపచ్చగా మారి విషం చాలా తగ్గుతుంది. ఆ తరువాత కూడా పారబోయకండి, మూత బిగించి కళాశాల రసాయనశాస్త్ర ల్యాబు వాళ్ళను అడిగి వాళ్ళ వ్యర్థాలతో పంపండి.

చేతికి కోత ఉన్న రోజు గమ్ పని వద్దు.

పని మధ్యలో కాఫీ తాగకండి. కప్పు ఆ గదిలోకే రాకూడదు.

వారానికి సరిపడేంతే కలపండి. అప్పుడు ఫ్రిజ్ అవసరం రాదు.

ఫ్రిజ్‌లో పెట్టకండి. వేరే డబ్బాలో ఉంచి కూడా పెట్టకండి.

ముదురు గోధుమరంగు గాజు రసాయనాల సీసాలు కొనండి. పేరు, శాతం, తేదీ, 'విషం' అన్న మాట తెలుగులో సీసా ఒంటి మీద రాయండి. మూత మీద కాదు.

కంట్లో పడితే ధారగా పోసే నీళ్ళతో ఇరవై నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మింగితే ఉప్పునీళ్ళు తాగించకండి, వేలు పెట్టి వాంతి చేయించకండి, నోరు కడిగించి 108కి ఫోన్ చేయండి. రసాయనం అసలు డబ్బాను వెంట తీసుకుని తిరుపతి రుయా ఆస్పత్రికో, మీకు దగ్గరలోని పెద్దాస్పత్రికో వెళ్ళండి. అది ఏమిటో డాక్టరుకు పేరుతో చెప్పగలగాలి.

తాగే సీసాలో పోయకండి. ఖాళీదైనా, పాతదైనా, కాగితం చింపేసినదైనా పోయకండి.

ఈ రాత్రికే ఫ్రిజ్ తెరిచి, తలుపు అరల్లోని ప్రతి సీసానూ బయటికి తీసి, మూత తిప్పి పక్కన పెట్టి, ఒంటి మీద ఏం రాసి ఉందో చదవండి.