వా పెడల్ గరగరమంటే ముందు ఇసుక దులపండి

మైపాడు బీచ్‌లో ఒక రిసెప్షన్‌కు వాయించి వచ్చిన మర్నాటి నుంచి నా వా పెడల్, అంటే గిటారు శబ్దాన్ని "వా వా" అనిపించే కాలి పరికరం, తొక్కితే చాలు, స్టేషను దొరకని రేడియోలా గరగరమనేది. నెల్లూరులో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్తే, ఆయన మూత కూడా విప్పకుండా "బోర్డు పోయిందండీ" అన్నాడు. నేను నమ్మలేదు. 1967లో వాక్స్ అనే కంపెనీ పేరుతో వచ్చిన వా సర్క్యూటునే ఇప్పటికీ చాలా కంపెనీలు అటూ ఇటూ మార్చి వాడుతున్నాయి. అందులో ఉండేవి రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ఇండక్టర్, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. కదలకుండా కూర్చున్నవి అంత తేలిగ్గా పోవు. కదిలేవాటినే ముందు అనుమానించాలి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఎఫెక్ట్ ఆపి వాయించండి. మామూలు గిటారు శబ్దం కూడా రాకపోతే వైర్లు, జాక్‌లు, ఫుట్ స్విచ్ చూసుకోవాలి. ఆపినప్పుడు బాగా పలికి, వేయగానే మూగబోతే ముందు కరెంటు సంగతి చూడండి. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేయండి. గిటారు వైరు గుచ్చి ఉన్నంతకాలం బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కాబట్టి వారాల తరబడి అలా వదిలేయకూడదు. అడాప్టర్ అయితే మధ్యలో నెగటివ్ ఉన్నదే వాడాలి. పిన్ను పట్టింది కదా అని సెట్ టాప్ బాక్సుది గుచ్చకండి.

గరగర మాత్రం దాదాపు ఎప్పుడూ పాట్‌దే. అడుగున నాలుగు రబ్బరు కాళ్ల స్క్రూలు తీస్తే రేకు ఊడుతుంది. పెడల్ తొక్కినప్పుడు ఒక పళ్ల కడ్డీ కదిలి, పాట్ ఇరుసుకు ఉన్న చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పాట్ అంటే పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్ లాంటిదే. నల్లటి కార్బన్ పట్టీ మీద సన్నటి లోహపు రేకు జారుతూ ఉంటుంది. నాది విప్పి చూస్తే మైపాడు ఇసుక గ్రీజులో కలిసి, పళ్ల సందుల్లో నువ్వుల చిమ్మిలిలా గడ్డకట్టి ఉంది.

దాన్ని ముందు పాత టూత్‌బ్రష్‌తో దులిపి, గ్రీజు గుడ్డతో తుడవాలి. ఆ తర్వాతే పాట్ మూడు కాళ్ల దగ్గరి సందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, పెడల్‌ను చేత్తో ముప్పై నలభై సార్లు ఆడించి ఆరనివ్వాలి. నేను తొందరపడి ముందే స్ప్రే కొట్టాను. ఇసుకంతా పాట్ లోపలికి కొట్టుకుపోయి, పట్టీని గీరేసింది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు అసలే వద్దు, అవి దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి.

అలా కొత్త పాట్ కొనాల్సి వచ్చింది. అక్కడ రెండో తప్పు. పాతదాని మీద 100 కిలో ఓములు అని చూసి, అదే విలువ గల మామూలు పాట్ తెచ్చాను. కడ్డీ పాట్‌ను పూర్తిగా తిప్పదు. వా పాట్‌లో మార్పంతా ఆ కాస్త తిరుగుడులోనే జరిగేలా పట్టీ తయారు చేస్తారు. మామూలుది బిగిస్తే "వా" అనాల్సింది "వ" అని ఆగిపోయింది. కాబట్టి వా పెడల్ కోసమే చేసిన పాట్ అడిగి తీసుకోండి. పాతది తీసేముందు మడమ వైపు పూర్తిగా నొక్కి, కడ్డీ, చక్రం కలిసే చోట మార్కరుతో గీత పెట్టండి. పళ్లు తప్పి కూర్చుంటే బొంగురు కొసో, కీచు కొసో తెగిపోతుంది.

ఎంత తొక్కినా ఆన్ కాకపోతే స్విచ్ ఎత్తు చాలడం లేదేమో చూడండి. నట్టు వదులు చేసి కొంచెం పైకి జరపండి. మరీ జరిపితే కాలు పెట్టగానే ఆన్ అయిపోతుంది.

ఇప్పుడు బీచ్ ప్రోగ్రామ్ అంటే పెడల్ కింద ప్లైవుడ్ ముక్క, విరామంలో పైన తువ్వాలు. మా డ్రమ్మర్ చూసి నవ్వుతాడు. అతని వాయిద్యంలో పాట్ లేదు మరి.