పగ కథలో దొంగ స్వామి: ప్రతినాయకుణ్ణి నిలబెట్టే పద్ధతి

దొంగ స్వామి మీద పగ తీర్చుకునే కథలు చాలావరకు మొదటి పది పేజీల్లోనే నీరుగారిపోతాయి. రచయిత తొందరపడి స్వామి చేత తలుపు చాటున మందు తాగిస్తాడు, నోట్ల కట్టలు లెక్కపెట్టిస్తాడు. అంతటితో పాఠకుడికి వాడు దొంగ అని తేలిపోతుంది. వాడి కాళ్లకు మొక్కేవాళ్లంతా బుద్ధిలేనివాళ్లలా కనిపిస్తారు. అలాంటి భక్తుల తరఫున ఎవరికీ కోపం రాదు, కోపం రాని చోట పగ నడవదు.

కాబట్టి వాడి దుర్మార్గం సంగతి తర్వాత చూడండి. వాడు జనానికి నిజంగా ఇచ్చేదేమిటో ముందు తేల్చుకోండి. ఊళ్లో తాగుడు మాన్పించాడా? అత్తింటివాళ్లు గెంటేసిన ఆడపిల్లకు నీడ ఇచ్చాడా? తుపానుకు పంట పోయిన ఏడు పది ఊళ్లకు అన్నం పెట్టాడా? ఆ మేలు కథలో నిజమైన మేలే అయి ఉండాలి, నాటకం కాకూడదు. తర్వాత వాడు జనాన్ని కట్టిపడేసేది దానితోనే.

ఇక్కడ మొత్తం ఒకే నమూనా కథ తీసుకుందాం. గోదావరి ఒడ్డున ఒక ఆశ్రమం. అక్కడ లెక్కలు రాసే కుర్రాడు 2015 పుష్కరాల్లో శవమై తేలాడు, కాలుజారి మునిగాడన్నారు. చెల్లెలికి అప్పుడు 14 ఏళ్లు. పుష్కరాలు 12 ఏళ్లకోసారి వస్తాయి కాబట్టి 2027 నాటికి ఆమెకు 26. గడువు మీరు కల్పించనక్కర్లేదు, పంచాంగమే ఇచ్చింది. ఇక తండ్రి. కొడుకు పోయిన దుఃఖంలో అతన్ని నిలబెట్టినవాడు ఆ స్వామే. కొడుకు పేరు మీద రెండెకరాలు ఆశ్రమానికి రాసిచ్చాడు. పగ తీర్చుకోవాల్సిన పిల్లకు మొదటి అడ్డం స్వామి కాదు, ఇంట్లో ఉన్న నాన్న. ఈ చిక్కు లేకుండా కథ మొదలుపెట్టకండి.

సన్యాసం సంగతి

తెలుగు పాఠకుల్లో సంప్రదాయం తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. కాషాయం కట్టిన ప్రతివాడూ సన్యాసి కాడు. సన్యాసం ఇవ్వడానికి గురువు ఉండాలి, విరజా హోమం చేయాలి, తన శ్రాద్ధం తానే పెట్టుకోవాలి. అద్వైత సంప్రదాయంలోని ఏకదండి (ఒకే దండం పట్టే) సన్యాసి శిఖను, జంధ్యాన్ని వదిలేస్తాడు. అగ్నికార్యాలు వదులుకున్నవాడు కాబట్టి హోమం తాను చేయడు, ఎదురుగా కూర్చుని చేయిస్తాడు. వైష్ణవ త్రిదండి (మూడు దండాలు కలిపి పట్టే) యతులకు శిఖ, జంధ్యం ఉంటాయి. వానాకాలపు దీక్ష అయిన చాతుర్మాస్యంలో యతి ఊళ్లు తిరగడు. మీ స్వామి ఏకదండినని చెప్పుకుంటూ జంధ్యంతో హోమగుండం ముందు కూర్చుంటే అది మీ పొరపాటైనా కావాలి, వాడి గుట్టు బయటపెట్టే ఆనవాలైనా కావాలి. ఏది అన్నది మీకు తెలిసి రాయాలి.

ఆనవాలుగానే వాడండి, బాగా పండుతుంది. సన్యాసం తీసుకున్నవాడు పూర్వాశ్రమ కుటుంబానికి చనిపోయినవాడితో సమానమని హిందూ ధర్మశాస్త్రం నిర్ణయం. ఆస్తి వారసత్వంలోనూ న్యాయస్థానాలు దీన్ని గుర్తించాయి. మరి ఈ స్వామి సన్యాసం పుచ్చుకున్నానని చెప్పే ఏడాది తర్వాత, తండ్రి ఆస్తి పంపకాల దస్తావేజు మీద పాత పేరుతో సంతకం పెట్టి వాటా తీసుకుని ఉంటే? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న ఈసీలో (ఆస్తి లావాదేవీల పత్రంలో) ఆ దస్తావేజు నంబరు కనిపిస్తే చాలు, ఒక అధ్యాయం నడుస్తుంది.

మహిమలు

ఎక్కువ మహిమలు పెట్టకండి, రెండు చాలు. విభూతి రప్పించడం పాత విద్య. విభూతిని గంజితో తడిపి చిన్న ఉండలు చేసి ఎండబెడతారు. ఒక ఉండను బొటనవేలి మొదట్లో నొక్కిపట్టి, చెయ్యి తిప్పుతూ నలిపి రాలుస్తారు. గంజి ఎక్కువైతే ఉండ నలగక పలుకులు మిగులుతాయి. అరచేతికి చెమట పడితే ముద్దయిపోతుంది. అందుకే మండు వేసవిలో దర్శనాలు ఏసీ హాల్లో పెడతారని రాస్తే, తెలిసిన పాఠకుడు తల ఊపుతాడు. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడానికి ముందుగా కత్తికి మందార పువ్వు రుద్ది ఆరబెడతారు. పులుపు తగలగానే ఆ రంగు ఎర్రబడుతుంది. హేతువాదులు కొవూర్, ప్రేమానంద్ ఇలాంటివి దేశమంతా తిరిగి చేసి చూపించారు. మన దగ్గర విజయవాడ నాస్తిక కేంద్రం, జన విజ్ఞాన వేదిక ఇప్పటికీ చూపిస్తుంటాయి. ఒకసారి వెళ్లి కళ్లతో చూసి రాయండి.

అంతకన్నా బలమైనది మనసులో మాట చెప్పడం. దర్శనం టోకెన్ కోసం నింపే చీటీలో పేరు, గోత్రం, కష్టం ఉంటాయి. క్యూలో పక్కన నిలబడ్డ సేవకురాలు మిగతాది మాటల్లో రాబడుతుంది. లోపల కూర్చున్నవాడికి అంతా ముందే అందుతుంది. అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే మతప్రచారకుడు చెవిలో చిన్న రిసీవర్ పెట్టుకుని, ప్రార్థన చీటీలు చదివే భార్య మాటలు వింటూ జనం రోగాలు చెప్పేవాడు. 1986లో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం ఆ రేడియో మాటలను పట్టుకుని బయటపెట్టింది. మరుసటి ఏడాది అతను దివాలా తీశాడు. తర్వాత మళ్లీ టీవీలోకి వచ్చాడు, జనమూ మళ్లీ వచ్చారు.

మీ కథకు పనికొచ్చేది ఆ చివరి సంగతే. కిటుకు బయటపెట్టడాన్ని పతాక సన్నివేశం చేయకండి. "అదంతా స్వామి లీల, మన భక్తికి పరీక్ష" అని ఒక్క భక్తుడు అంటే మీ పతాకం కూలిపోతుంది. దాన్ని కథ మొదటి మూడో వంతులో వాడేయండి. నాయిక తనకు లేని అక్కను చీటీలో రాస్తుంది, ఆ అక్కకు పిల్లలు లేరని రాస్తుంది. స్వామి నిండు సభలో కళ్లు మూసుకుని, "నీ అక్క కడుపు పండుతుంది తల్లీ" అంటాడు. సభ చప్పట్లు కొడుతుంది, పక్కనే ఉన్న నాన్న కూడా. కూతురికి అక్క లేదని ఆ సభలో తెలిసినవాడు అతనొక్కడే. అయినా ఇంటికొచ్చాక "పెదనాన్న కూతురు అక్క కాదా ఏమిటి" అని సర్దిచెబుతాడు. నమ్మకం ఎంత గట్టిదో పాఠకుడికి అక్కడ తెలుస్తుంది.

డబ్బు

కథకు వెన్నెముక ఇది. ఇక్కడ ఎంత కచ్చితంగా రాస్తే ప్రతినాయకుడు అంత నిజమవుతాడు.

ఆశ్రమం ట్రస్టుగా రిజిస్టరై ఉంటుంది. దాతలకు 80జి (1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్) రసీదు ఇస్తుంది, దాంతో వాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు లేదు, కాబట్టి పెద్ద మొత్తాలు చెక్కుల్లోనే వస్తాయి. దొంగతనం అక్కడే. వ్యాపారి చెక్కు ఇస్తాడు, ట్రస్టు కొంత కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా వెనక్కిస్తుంది. ఇందులో దాత కూడా దొంగే. పట్టణంలో పెద్దమనుషులంతా స్వామి పక్షాన ఎందుకు నిలబడతారన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

వెనక్కిచ్చిన నగదును పుస్తకాల్లో ఖర్చుగా చూపించాలి కదా. అందుకు అన్నదానం అనువైనది, తిన్నవాడు రసీదు అడగడు. లెక్క ఇలా వేసుకోండి. రోజూ నిజంగా భోంచేసేది 500 మంది. మనిషికి 40 రూపాయల చొప్పున రోజుకు 20 వేలు, ఏడాదికి 73 లక్షలు. పుస్తకంలో రాసేది 2,000 మంది. అంటే రోజుకు 80 వేలు, ఏడాదికి 2 కోట్ల 92 లక్షలు. తేడా 2 కోట్ల 19 లక్షలు.

ఈ అంకెలు పాఠకుడికి నేరుగా చెప్పకండి, బియ్యం బస్తాల్లో చూపించండి. మనిషికి 150 గ్రాముల బియ్యం అనుకుంటే 500 మందికి 75 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు మూడు. 2,000 మందికైతే పన్నెండు. నాయిక వంటశాలలో సేవకు చేరుతుంది. రోజూ పొద్దున మూడు బస్తాల మూతి కుట్లు విప్పుతారు. సాయంత్రం స్టోరు పుస్తకంలో పన్నెండు అని రాస్తారు. ఆమె ఏమీ అనదు. విస్తళ్ల కట్టలు లెక్కపెడుతుంది. చనిపోయిన అన్న నోటుపుస్తకంలో ప్రతి తేదీ పక్కనా 3, 12 అనే రెండంకెలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. అతన్ని ఎందుకు చంపారో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. సెక్షన్ల నంబర్లు కథాకాలానికి తగ్గట్టు రాయండి. 2024 జూలై 1కి ముందు జరిగిన మోసానికి ఐపీసీ 420, నమ్మకద్రోహానికి 406. ఆ తేదీ నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో 318, 316. మన నమూనాలో నేరం 2015లో మొదలై 2027 దాకా సాగుతుంది కాబట్టి రెండూ వస్తాయి.

మాట తీరు

దొంగ స్వామి తన దొంగతనం గురించి నోరు విప్పి మాట్లాడకూడదు. "ఈ మూర్ఖుల్ని మోసం చేయడం ఎంత తేలిక!" లాంటి వాక్యం రాసి ఉంటే కొట్టేయండి. వాడి బెదిరింపు ఓదార్పులా వినిపించాలి. "మీ అన్న పోయిన రోజున మీ ఇంటికి ఎవరొచ్చారు తల్లీ? నేనే కదా. మీ నాన్న గుండె అసలే మంచిది కాదు, అతనికి మళ్లీ అలాంటి రోజు రాకూడదు." ఇందులో తప్పుపట్టడానికి ఒక్క మాట లేదు, అందుకే భయం వేస్తుంది. బయటికి గ్రాంథికం కలిసిన చిన్న వాక్యాలు, లోపల మేనేజింగ్ ట్రస్టీతో మామూలు గుమాస్తా భాష: "మూడో నెల వోచర్లు ఇంకా రాలేదేం?" తనకు తాను వాడు మోసగాడు కాడు. ఇన్ని వేలమందికి నీడ ఇస్తున్నాను, ఈ మాత్రం తీసుకుంటే తప్పేమిటి అని నిజంగా నమ్ముతాడు.

కథనంలో సర్వనామం కూడా చూసుకోండి. మొదట "ఆయన", స్టోరు పుస్తకం చూశాక "అతను". "వాడు" అన్న మాటను నాయిక నోటి నుంచి ఒక్కసారే, ఆఖరి మూడో వంతులో రానివ్వండి.

పగ తీరే దారి

కత్తితో పొడిస్తే స్వామి అమరుడవుతాడు, సమాధి కట్టి ఉత్సవాలు చేస్తారు. వాడికి ప్రాణం కన్నా ఎక్కువైనది పెత్తనం. అది పోవాలి.

చట్టంలో మంచి దారి ఉంది. దేవాదాయ చట్టం పరిధిలోకి వచ్చే సంస్థ అయితే ఫిర్యాదు దేవాదాయ శాఖకు వెళ్తుంది. దాని పరిధిలో లేని పబ్లిక్ ట్రస్టు మీద సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ట్రస్టీని తొలగించమని, లెక్కలు చెప్పించమని అడగవచ్చు. కానీ ఒక్కరు వేస్తే చెల్లదు, ఆ ట్రస్టుతో సంబంధం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు కావాలి. నాయిక ఒకరు. రెండోవారి కోసం ఆమె ఊరంతా తిరుగుతుంది, అందరూ తలుపులు వేసేస్తారు. చివరికి సంతకం పెట్టేది భూమి రాసిచ్చిన తండ్రి. అదీ పతాక సన్నివేశం. ఉపన్యాసాలు వద్దు. వకాల్తా కాగితం, పెన్ను, కొడుకు నోటుపుస్తకం చాలు.

హత్య కేసుకు కాలపరిమితి అడ్డు రాదు. 2015 నాటి శవపంచనామా అప్పటి నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీ 174 కింద జరిగి ఉంటుంది. పోస్ట్‌మార్టం నివేదికతో అది పొసగని చోట ఒకటి పెట్టుకోండి. అయితే తీర్పు నెలలో రాదు. డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ మీద అత్యాచారం ఆరోపిస్తూ పేరు లేని ఉత్తరం 2002లో బయటికొచ్చింది. దాన్ని అచ్చువేసిన పాత్రికేయుడు రామ్‌చందర్ ఛత్రపతిని అదే ఏడాది కాల్చారు. అత్యాచారం కేసులో శిక్ష 2017లో పడింది, తీర్పు రోజున హర్యానాలోని పంచకులలో చెలరేగిన హింసలో ముప్పైమందికి పైగా పోయారు. మరో బాబా ఆశారాం కేసులో సాక్షుల మీద దాడులు జరిగాయి. అందులో సాక్షి అయిన మహేందర్ చావ్లా వేసిన పిటిషన్ మీదే సుప్రీంకోర్టు 2018లో సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. మీ కథలో సాక్షి ఉంటే అతను ఎక్కడ నిద్రపోతున్నాడో, ఎవరు కాపలా ఉన్నారో రాయండి. అది వదిలేస్తే కథలో ప్రమాదం తగ్గిపోతుంది.

సీరియల్‌గా రాస్తే 40 భాగాలు, భాగానికి 1,200 నుంచి 1,500 మాటలు సరిపోతాయి. స్వామిని మూడో భాగం దాకా చూపించకండి. ముందు ఆయన చేసిన మేళ్లు వినిపించాలి. అబద్ధపు చీటీ పన్నెండులో, బియ్యం బస్తాలు పదిహేనులో, నోటుపుస్తకం పద్దెనిమిదిలో. ఇరవై నుంచి ముప్పై దాకా స్వామిదే పైచేయి కావాలి: నాయికను వంటశాల నుంచి తీసేస్తారు, నాన్న మాట్లాడటం మానేస్తాడు, ఆడిటర్ ఊరు మారతాడు. చాలామంది ఇక్కడ భయపడి నాయికను గెలిపించేస్తారు, దాంతో చివరి పది భాగాలకు సరుకు మిగలదు. సంతకం ముప్పై నాలుగులో. చివరి రెండు భాగాలు ఆశ్రమంలో మిగిలిపోయినవాళ్లకు కేటాయించండి. అక్కడే తలదాచుకున్న ఆడవాళ్లకు రేపు అన్నం ఎవరు పెడతారన్నది నాయిక తేల్చాల్సిన పని. కోర్టు వేసిన కొత్త ట్రస్టీల ముందు వంటశాల నడవాలని ఆమె పట్టుబట్టాలి, పుస్తకంలో మూడు బస్తాలు మూడు అని రాయించాలి.

ప్రచురించే ముందు ఒక పని ఉంది. స్వామి పేరు, ట్రస్టు పేరు, ఊరు, వేషం, కేసు ఈ ఐదింటిలో ఏ రెండూ బతికున్న ఒకే మనిషికి సరిపోకుండా మార్చండి. పరువునష్టం బీఎన్‌ఎస్ 356, కావాలని మతభావాలను గాయపరచడం 299. దేవుణ్ణి, మంత్రాన్ని, దీక్షను తిట్టే వాక్యాలు ఎక్కడైనా దొర్లితే తీసేయండి. నాయిక ఆఖరిదాకా తులసికోటకు నీళ్లు పోసే మనిషి అయితే, ఆమె కోపం ఒక మనిషి మీదేనన్నది పాఠకుడికి అనుమానం లేకుండా తెలుస్తుంది.