వియత్నాం నూడుల్స్ రుచి చూసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వియత్నాం వెళ్లే తెలుగువారు అక్కడి నూడుల్స్ విషయంలో కడుపు కోసం ఒక జాగ్రత్త, ఆహార నియమం కోసం మరొక జాగ్రత్త పాటించవలసి ఉంటుంది. చిత్రమేమిటంటే ఈ రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. పొయ్యి మీద మరుగుతూ ఉండే రసం కడుపుకు అన్నిటికన్నా తక్కువ హాని చేస్తుంది గానీ, శాకాహారులకూ గొడ్డుమాంసం ముట్టనివారికీ నియమభంగం జరిగేది చాలాసార్లు ఆ రసంతోనే. పక్కన పళ్లెంలో పెట్టే పచ్చి ఆకులు ఎవరి నియమానికీ అడ్డు రావు, కానీ కడుపు చెడే అవకాశం వాటితో ఎక్కువ.

ముందుగా నియమం సంగతి చూద్దాం. దేశమంతటా దొరికే "ఫో" అనే వంటకంలో బియ్యపు నూడుల్స్ మీద పోసే రసాన్ని ఎముకలతో పాటు అనాసపువ్వు, దాల్చినచెక్క వంటివి వేసి గంటల తరబడి మరిగించి తీస్తారు. "మాంసం వద్దు" అని చెబితే హోటలువారు ముక్కలు తీసివేసి, అదే రసం పోసి ఇస్తారు. వారి లెక్కలో అది మోసం కాదు, అడిగినట్టే ఇచ్చారు. అందువల్ల ఏది వద్దో చెప్పడం కన్నా ఏది కావాలో చెప్పడం మేలు. శాకాహారాన్ని అక్కడ "చాయ్" అంటారు, బోర్డు మీద సీ, హెచ్, ఏ, వై అనే అక్షరాలతో రాస్తారు. ఆ మాట ఉన్న హోటళ్లలో నూడుల్స్ రసం కూరగాయలతో, పుట్టగొడుగులతో చేస్తారు, చేపల నుంచి తీసే నూక్ మామ్ వాడరు. సోయాతోనో గోధుమ పిండితోనో మాంసం ముక్కల్లా మలిచినవి గిన్నెలో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. చాంద్రమాన నెలలో 1వ, 15వ రోజుల్లో, అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, బౌద్ధ ఆచారం పాటించేవారు చాలామంది శాకాహారం తింటారు కాబట్టి ఆ రోజుల్లో మామూలు హోటళ్లలో కూడా ఇది దొరకవచ్చు. హ్వే నగరంలో శాకాహార వంటకు పెద్ద సంప్రదాయమే ఉంది.

మాంసాహారులు కూడా పేర్లు చదవడం నేర్చుకోవాలి. పేరులో "బో" ఉంటే గొడ్డుమాంసం, "గా" ఉంటే కోడి, "తోమ్" ఉంటే రొయ్యలు. పంది పేరు ఉత్తరాదిన "లొన్", దక్షిణాదిన "హెవో" అయినా, చాలా వంటకాల పేర్లలో అది కనిపించనే కనిపించదు. 2016 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ఒబామా హనోయిలో తిన్న బున్ చా నిప్పుల మీద కాల్చిన పంది మాంసంతో చేసేదే. హోయ్ ఆన్ పట్టణపు కావ్ లౌ, దక్షిణాది హూ తియు కూడా ప్రధానంగా పంది మాంసం వంటకాలే. బున్ బో హ్వేలో గొడ్డుమాంసంతో పాటు పంది కాళ్లు, గడ్డకట్టించి ఉడికించిన రక్తపు ముక్కలు, మాగబెట్టిన రొయ్యల ముద్ద ఉంటాయి. కోడి మాంసం మాత్రమే తినేవారికి ఫో గా అనువైనది, అయినా గొడ్డుమాంసపు ఫో కూడా అమ్మే చోట కన్నా కోడి ఫో ఒక్కటే అమ్మే చోట తినడం మంచిది. వియత్నామీస్‌లో స్వరం మారితే అర్థమే మారిపోతుంది కాబట్టి ఈ మాటలను నోటితో పలికి ఊరుకోకుండా, ఫోనులో రాసి చూపించాలి.

వేరుశనగ పడనివారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పసుపు రంగులో ఉండే "మీ క్వాంగ్" అనే నూడుల్స్ మీద వేరుశనగ పలుకులు చల్లడం తప్పనిసరి ఆనవాయితీ. వేరుశనగను ఉత్తరాదిన "లాక్" అనీ, దక్షిణాదిన "దౌ ఫోంగ్" అనీ అంటారు గనుక రెండు పేర్లూ రాసిన చీటీ జేబులో ఉండాలి. గోధుమ పడనివారికి, గోధుమ నూడుల్స్‌ను సూచించే "మీ" అన్న మాట సాధారణంగా ప్రమాద సూచికే, అయితే "మీ క్వాంగ్" నూడుల్స్ మాత్రం బియ్యంతో చేసినవి.

ఇక కడుపు విషయం. వేడిగా ఉంచే పదార్థం 60 డిగ్రీలకు పైనే ఉండాలన్నది ఆహార భద్రతలో మూలసూత్రం, పొగలు కక్కే ఫో గిన్నె ఆ పరీక్షలో నెగ్గుతుంది. అందులో సన్నగా తరిగిన పచ్చి మాంసం వేసి రసం వేడితోనే ఉడకనిచ్చే "తాయ్" రకాన్ని మాని, ముందే ఉడికించిన "చిన్" రకాన్ని అడగాలి. బున్ చా, కావ్ లౌ వంటి వాటిలో నూడుల్స్ చల్లగానో గోరువెచ్చగానో వస్తాయి. ఉడికించిన బియ్యపు పదార్థం బయట ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి వీటిని జనం కిటకిటలాడే వేళలోనే తినాలి. బున్ చాకు అది మధ్యాహ్నం. సాయంత్రం నాలుగింటికి ఖాళీ బల్లల మధ్య కూర్చుని దాన్ని తెప్పించుకోవడం నా దృష్టిలో అనవసరమైన సాహసం.

పచ్చి ఆకుల పళ్లెం చూడముచ్చటగా ఉంటుంది, పుదీనా, తులసి జాతి ఆకులు, పెసర మొలకలు, కొన్ని చోట్ల సన్నగా చీల్చిన తూటికూర కాడలు. నీటిలో పెరిగే తూటికూర వంటి ఆకులను పచ్చిగా తింటే కాలేయంలో చేరే పరాన్నజీవి సోకే ప్రమాదం ఉంది, మధ్య వియత్నాంలో ఆ జబ్బు కొత్తది కాదు. ఆకులను మరిగే రసంలో కాసేపు ముంచితే అన్ని ప్రమాదాలూ పోవు గానీ కొంత తగ్గుతాయి. తూటికూరను మాత్రం పూర్తిగా పక్కన పెట్టాలి. మొలకలను వేడినీటిలో ముంచి ఇమ్మని అడగడం అక్కడివారికీ అలవాటే. పచ్చి రక్తంతో చేసే తియెత్ కాన్ నూడుల్స్ వంటకం కాకపోయినా చెప్పవలసి వస్తోంది: దానివల్ల మెదడు పొరల వాపు వచ్చి శాశ్వతంగా వినికిడి పోయినవారున్నారు, రుచికైనా చూడకూడదు.

హ్వే, హోయ్ ఆన్ ప్రాంతాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో వరదలు మామూలే. నీరు తీసిన తరువాత కొన్ని రోజులపాటు అక్కడ పచ్చివి, మంచుముక్కలు, కుళాయి నీరు పూర్తిగా మానాలి. వియత్నాం కొత్త సంవత్సరపు పండుగ తేత్‌కు, అంటే జనవరి చివర లేదా ఫిబ్రవరిలో, చిన్న హోటళ్లు చాలావరకు రోజుల తరబడి మూసి ఉంటాయి గనుక శాకాహారులు అటుకులో, ఉప్మా పొట్లాలో వెంట ఉంచుకోవాలి.

విరేచనాలు పట్టుకుంటే మందుల దుకాణంలో "ఒరెసోల్" అని అడిగితే మన ఓఆర్ఎస్ పొడి ఇస్తారు, పొట్లం మీద రాసినంత నీటిలోనే దాన్ని కలపాలి. జ్వరం వచ్చినా, రక్తం పడినా, మూత్రం తగ్గినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ అంబులెన్సు నంబరు 115.