గిటార్ స్వయంశిక్షణ – 6వ పాఠం: మూడు కార్డులు అవే, కుడిచేయి వేరు

పోయిన పాఠంలో జీ, సీ, డీ మేజర్ కార్డులు (కలిపి మోగే స్వరాల గుంపులు) పట్టుకుని, పైనుంచి కిందికి మాత్రమే దడదడా కొట్టే పంక్ రాక్ వాయింపు సాధన చేశాం. మీ పక్కింటివాళ్ల ఓపికకు ఒక దండం. ఈసారి ఎడమచేతికి కొత్త పనేమీ లేదు, మారాల్సింది కుడిచేయే: పంక్ వదిలి అమెరికన్ పల్లె పాటల తరహా అయిన కంట్రీలోకి. ఎడమచేతివాటం వాళ్లు తిరగేసి చదువుకోండి.

ఈ మార్పు వినాలంటే మీకాన్స్ అనే బ్యాండ్‌ను వినాలి. 1977లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో ఆర్ట్ చదివే కుర్రాళ్లు పెట్టిన బ్యాండ్ అది. పేరేమో డాన్ డేర్ కామిక్స్‌లోని పచ్చరంగు విలన్‌ది. వాయించడం అంతంత మాత్రం. అయినా స్టేజీ ఎక్కేశారు, పంక్ పద్ధతే అది. 1978లో ఎడిన్‌బరోలోని ఫాస్ట్ ప్రొడక్ట్ అనే చిన్న రికార్డు కంపెనీ వాళ్ల మొదటి సింగిల్ (విడి పాట రికార్డు) వేసింది. 1979లో వర్జిన్ కంపెనీ నుంచి మొదటి ఆల్బమ్ వచ్చింది. దాని అట్ట వెనక మాత్రం గ్యాంగ్ ఆఫ్ ఫోర్ అనే వేరే బ్యాండ్ ఫొటో పడింది! అలా మొదలైన వాళ్లు ఎన్నాళ్లుంటారులే అనే ఎవరైనా అనుకుంటారు.

1984–85లో బ్రిటన్ బొగ్గుగని కార్మికులు సమ్మె చేశారు. వాళ్ల కోసం కచేరీలు చేస్తున్న రోజుల్లోనే మీకాన్స్ పాత అమెరికన్ కంట్రీ పాటల్లో పడ్డారు. 1985లో సిన్ అనే సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద ‘ఫియర్ అండ్ విస్కీ’ ఆల్బమ్ తెచ్చారు. అందులో సూసీ హనీమన్ ఫిడేలు ఉంది, గిటార్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి, లయ మాత్రం కంట్రీ నడక పట్టింది. నన్నడిగితే పంక్ నుంచి కంట్రీకి అది పెద్ద గెంతేమీ కాదు. రెండు చోట్లా అవే మూడు కార్డులు, రెండు చోట్లా జేబులో డబ్బుల్లేని మనిషి గోడు.

ఇక గిటార్ తీయండి. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమంటూ లయ చూపేది) నిమిషానికి 80 మీద పెట్టి, నాలుగు లెక్కపెట్టండి. పంక్‌లో నాలుగు లెక్కలకూ ఎనిమిది దెబ్బలు, అన్నీ ఒకే బరువు. కంట్రీలో ఒకటికీ మూడుకీ ఒక్క లావు తీగే మోగాలి. రెండుకీ నాలుగుకీ సన్నటి మూడు తీగలు మోగాలి. నోటితో అంటే “బూమ్–చిక్–బూమ్–చిక్”. ముందు నోటితోనే అనండి, సిగ్గుపడకండి. నోటికి రానిది చేతికి రాదు.

ఏ ‘బూమ్’కి ఏ తీగ? అన్నిటికన్నా లావుది ఆరోది అని గుర్తుంచుకోండి. జీ కార్డులో ఒకటికి ఆరో తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీతల మధ్య గడి), మూడుకి నాలుగో తీగ ఖాళీగా. సీలో ఒకటికి ఐదో తీగ మూడో ఫ్రెట్, మూడుకి నాలుగో తీగ రెండో ఫ్రెట్. డీలో ఒకటికి నాలుగో తీగ ఖాళీగా, మూడుకి ఐదో తీగ ఖాళీగా.

పంక్ అలవాటైన చేతికి ఇక్కడే టెన్షన్. ‘బూమ్’ దగ్గర పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) ఆగకుండా మిగతా తీగల్నీ గీకేస్తుంది. దానికి మందు ఉంది: లావు తీగను కొట్టాక పిక్‌ను కింది తీగ మీద ఆనించి ఆపండి. అక్కడి నుంచే ‘చిక్’ మొదలుపెట్టండి. ఆ ‘చిక్’ కూడా పొట్టిగా ఉండాలి. కొట్టిన వెంటనే అరచేతి అంచు తీగల మీద వాల్చి మోత నొక్కేయండి.

‘చిక్’ ఎలా ఉండాలో తెలియాలంటే అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌ను వినండి. మొదట్లో ఆయన బృందంలో డ్రమ్మర్ లేడు. మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో 1956 నాటి ‘ఐ వాక్ ద లైన్’ పాటకి గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి డ్రమ్ చప్పుడు రప్పించాడు. మీరూ చేసి చూడండి. ఒక బస్ టికెట్టు మడిచి, గిటార్ మెడ చివర ఒక తీగ పైనుంచి, పక్క తీగ కిందనుంచి పోనివ్వండి. అదే కొట్టుడు, ఇప్పుడు చీపురుతో ఊడ్చినట్టు వినిపిస్తుంది.

చేయి కుదిరాక ఈ వరస పట్టండి: జీ నాలుగు ఆవర్తాలు (నాలుగు లెక్కలు ఒక ఆవర్తం), సీ రెండు, జీ రెండు, డీ రెండు, జీ రెండు. నాలుగో జీ ఆవర్తంలో చిన్న మార్పు. ఒకటికి ఆరో తీగ మూడో ఫ్రెట్, రెండుకి మామూలు ‘చిక్’, మూడుకి ఐదో తీగ ఖాళీగా, నాలుగుకి అదే తీగ రెండో ఫ్రెట్. తర్వాతి ఒకటికి సీ కార్డులో వాలిపోతారు. లావు తీగల మీద ఇలా మెట్లెక్కే బేస్ (కింది స్వరాలు) ఉంటే, కార్డు మారబోతోందని వినేవాళ్లకి ముందే తెలిసిపోతుంది.

మీకాన్స్ సంగతి ఒక ముక్క మిగిలింది. 1989లో ఏ అండ్ ఎం అనే పెద్ద కంపెనీతో ‘రాక్ ఎన్ రోల్’ ఆల్బమ్ తెచ్చారు. ఆ పొత్తు చెడింది. 1991లో తర్వాతి ఆల్బమ్ వచ్చినప్పుడు అమెరికాలో విడుదలే కాలేదు. అక్కడితో దుకాణం కట్టేయొచ్చు, కట్టేయలేదు. చిన్న లేబుళ్లకి తిరిగొచ్చారు. మొదట్లో డ్రమ్స్ వాయించి తర్వాత గిటార్‌కి మారిన జాన్ లాంగ్‌ఫర్డ్ షికాగో చేరి, వాకో బ్రదర్స్ అనే కంట్రీ బ్యాండ్ కూడా నడుపుతూ బొమ్మలు వేస్తున్నాడు. మిగతావాళ్లు తలో ఊళ్లో ఉంటారు, రికార్డింగ్‌కి కలుస్తారు. ఎనభైల నాటి ముఖ్యులు చాలామంది ఇంకా అందులోనే ఉన్నారు. 2019లో ‘డెజర్టెడ్’, 2025లో ‘హారర్’ వచ్చాయి. బ్యాండ్ మీదే పూర్తిగా బతకాలనుకుని ఉంటే ఇన్నేళ్లు సాగేది కాదని నా నమ్మకం.

ఈ వారం అభ్యాసం: పైన చెప్పిన వరసను ఒక చుట్టు పంక్‌గా, మరో చుట్టు కంట్రీగా, మధ్యలో ఆగకుండా వాయించండి. కంట్రీలోకి వచ్చేటప్పుడు వేగం జారిపోతుంది, మెట్రోనోమ్ ఆపొద్దు. 80లో కుదిరాక 100, ఆ తర్వాత 120. బస్ టికెట్టు తీసేసి కూడా ‘చిక్’ అంత పొట్టిగా వస్తే, 7వ పాఠంలో మూడు లెక్కల వాల్ట్జ్ మొదలుపెడదాం.