పాలు మానని బిడ్డను ఎక్కడ ఉంచాలి: ఇంట్లో చూసుకునేవారి దగ్గరా, డే కేర్ సెంటర్‌లోనా?

ప్రసూతి సెలవు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినికి 180 రోజులు, చట్టం వర్తించే ప్రైవేటు సంస్థల్లో మొదటి రెండు కాన్పులకు 26 వారాలు. ఎలా లెక్కించినా బిడ్డకు అన్నప్రాసన అయ్యే నాటికి తల్లి పనిలోకి వెళ్లవలసి వస్తుంది. ఇంచుమించు ఆ నెలల్లోనే బిడ్డ తెలిసిన ముఖానికీ తెలియని ముఖానికీ తేడా గ్రహించి కొత్తవారిని చూసి బెదరడం మొదలుపెడుతుంది కనుక, వెతుకులాటను సెలవు చివరి వారానికి వదిలిపెట్టకుండా నాలుగో నెలలోనే ప్రారంభించాలి.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఉద్యోగాలు చేసే దంపతులకు సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి, తన ఇంట్లోనే ఇద్దరు ముగ్గురు పిల్లలను చూసుకునే గృహిణి. ఆమె ఇంటి ముందు బోర్డు ఉండదు, ఇరుగుపొరుగు చెబితేనే తెలుస్తుంది. రెండోది, చాలావరకు ప్లే స్కూల్‌కు అనుబంధంగా నడిచే డే కేర్ సెంటర్. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన పిల్లలకే ఉంటుంది కనుక పసిబిడ్డ తల్లికి అది ప్రత్యామ్నాయం కాదు. అయితే ఈ రెండింటికీ ముందు మీ సంస్థనే అడగండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను పగలు చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవడానికి అనుమతించాలి. అడగకుండానే ఈ హక్కును వదులుకుంటున్న తల్లులు ఎందరో ఉన్నారన్నది నాకు బాధ కలిగించే విషయం.

నా అభిప్రాయంలో ఏడాదిన్నర నిండని బిడ్డకు మంచి ఇల్లు దొరికితే ఇల్లే మేలు, రెండున్నరేళ్లు దాటిన బిడ్డకు మంచి సెంటర్ మేలు. మధ్య వయసులో మాత్రం బిడ్డ స్వభావాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. కారణం ఎత్తుకునే చేతుల లెక్క. క్రెష్‌ల కోసం కేంద్రం 2018లో ఇచ్చిన కనీస మార్గదర్శకాలు మూడేళ్లలోపు పిల్లల్లో పది మందికి ఒక శిక్షణ పొందిన కార్యకర్త ఉండాలని చెబుతాయి, సహాయకురాలు వేరు. పాకే వయసు పిల్లలు పది మంది ఒక్కరి కిందనంటే నా దృష్టిలో అది చాలా ఎక్కువ. నలుగురైదుగురికి ఒక్కరున్న చోటే పసిబిడ్డను చేర్చండి. ఇంట్లో చూసుకునే ఆమె విషయంలోనూ ఈ లెక్క వర్తిస్తుంది, అందులో ఆమె సొంత పిల్లలను, మనుమలను కూడా కలుపుకోవాలి. ఎంతమంది ఉన్నారో నోటి మాటగా తెలుసుకుని ఊరుకోకుండా, అన్నాలు పెట్టే మధ్యాహ్న వేళ వెళ్లి స్వయంగా చూడాలి.

తరువాత అడగవలసిన ప్రశ్న, చాలామంది అడగనిది: చూసుకునే మనిషి రాని రోజున బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? ఇంట్లో చూసుకునే ఆమెకు జ్వరం రావచ్చు, కూతురు పురిటికి రావచ్చు, సద్దుల బతుకమ్మకు పుట్టింటికి వెళ్లవచ్చు, రెండేళ్లకోసారి మాఘంలో ఇంటిల్లిపాదీ మేడారం బయలుదేరవచ్చు. అవన్నీ ఆమెకు ఉండవలసిన సెలవులే. ఆ రోజుల డబ్బు కోత పెట్టకుండా ఇవ్వడం న్యాయమని నేను నమ్ముతాను. కానీ ఆ రోజులకు మీ ఏర్పాటు ఏమిటో ముందే తేలాలి. సెంటర్ ఒక ఆయా రాకపోయినా తెరిచే ఉంటుంది, అయితే ఆయాలు తరచూ మారితే బిడ్డకు ప్రతిసారీ కొత్త ముఖమే. అందుకే ప్రస్తుత ఆయా ఎంతకాలంగా పనిచేస్తోందో యజమానిని కాక ఆయానే అడగండి. ఎం.జి.ఎం. ఆసుపత్రిలో షిఫ్టులు చేసే నర్సుకూ, కాజీపేటలో తెల్లవారుజామునే డ్యూటీ ఎక్కే రైల్వే ఉద్యోగికీ సెంటర్ వేళలు కుదరడం కష్టం. అటువంటి కుటుంబాలకు వయసుతో సంబంధం లేకుండా ఇల్లే నయం.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మొహమాటం పక్కన పెట్టండి. సంపు మూత గట్టిగా ఉందా, స్నానాల గదిలో బకెట్లు నింపి ఉంచుతున్నారా అన్నది మొదట చూడాలి, ఎందుకంటే తప్పటడుగుల బిడ్డ బకెట్ నీటిలో తలకిందులైతే తనంతట తాను లేవలేదు. వేసవిలో వాడే ఇనుప కూలర్‌కు ఎర్తింగ్ లేకపోతే తాకిన బిడ్డకు కరెంటు షాక్ కొట్టవచ్చు. మన పేటల్లో కోతుల బెడద తెలిసిందే కనుక కిటికీలకూ వరండాకూ గ్రిల్ ఉండాలి. 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్ వైపు కాలనీలు నీట మునిగిన సంగతి గుర్తుంచుకుని, ఆ ఇంట్లోకి ఎప్పుడైనా వరద వచ్చిందా అని పొరుగువారిని అడగండి. పగటి పూట ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు, ఎవరు వచ్చిపోతారు అన్న ప్రశ్న అడగటానికి ఇబ్బందిగా ఉన్నా తప్పక అడగాలి. మంచి మనసున్న ఇల్లాలు దానికి నొచ్చుకోదు.

సెంటర్‌లో గేటు ముఖ్యం. బిడ్డను ఎవరు తీసుకువెళ్లవచ్చో పేర్లు రాసుకోని చోటు, కొత్త మనిషికి బిడ్డను అప్పగించే చోటు వద్దు. సీసీ కెమెరా ఉండటం మంచిదే, అది మనిషికి బదులు కాదు. జ్వరం వచ్చిన బిడ్డను ఇంటికి పంపించే నియమం తల్లిదండ్రులకు కష్టంగా తోచినా అది మిగతా పిల్లలకు రక్ష. చేర్చుకునే ముందు టీకాల కార్డు అడిగి, తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా మొదటి మోతాదు, 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో మోతాదు పడ్డాయో లేదో చూసే సెంటర్‌పై నాకు నమ్మకం కలుగుతుంది.

ఆహారం విషయం రెండు చోట్లా ఒకటే. పిండిన తల్లిపాలు గదిలో నాలుగు గంటలు నిల్వ ఉంటాయన్న మాట 25 డిగ్రీల లోపు వేడికే వర్తిస్తుంది. నలభై డిగ్రీలు దాటే వరంగల్ ఎండల్లో అవి నేరుగా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, అక్కడ నాలుగు రోజుల వరకు ఉంటాయి. ఏడాది నిండే వరకు తేనె నాకించరాదు, చిన్నపిల్లల చేతికి పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వరాదు. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. బిడ్డ పడుకోవడం కోసం దగ్గు మందు పట్టడం వంటి పని ఎవరూ చేయకూడదని, ఏ మందైనా తల్లిదండ్రులను అడిగాకే వేయాలని నోటితో చెప్పి ఊరుకోక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం మీదే వైద్యుని ఫోన్ నంబరు, ఫీజు, ఆలస్యమైతే అదనపు రుసుము, వేసవి సెలవుల మే నెలలో ఎంత చెల్లించాలన్నది కూడా ఉండాలి.

చేర్చిన మొదటి రోజే ఎనిమిది గంటలు వదిలి వెళ్లవద్దు. మొదట ఒక గంట మీరూ కూర్చోండి, తరువాత పూట, ఆపై రోజంతా. ఉదయం ఏడుపు కొన్ని వారాలు సహజం. సాయంత్రం వెళ్లేసరికి ఆడుకుంటోందా, తిన్నదా అన్నదే కొలత. బాగా అలవాటుపడిన బిడ్డ హఠాత్తుగా ఒక మనిషిని చూసి బెదిరినా, తిండి మానినా, ఒంటి మీద కమిలిన గుర్తులు కనిపించినా చెప్పకుండా మధ్యలో వెళ్లి చూడండి. అనుమానం బలపడితే బిడ్డను వెంటనే అక్కడి నుంచి తీసుకువచ్చి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

ఇంటి నుంచి సెంటర్‌కు మార్చే వయసు వచ్చినప్పుడు ఆ సంగతి ఇన్నాళ్లు చూసుకున్న ఆమెకు ఒకటి రెండు నెలల ముందే చెప్పండి. ఆమె జీవనానికి మరో బిడ్డ దొరకాలి. బడులు తెరిచే జూన్ రెండో వారంలో కొత్త పిల్లల ఏడుపులతో ఆయాలకు క్షణం తీరిక ఉండదు కనుక, వీలైతే ఆ నెల చివరిలో చేర్చండి.